కరువని కేకేసిన కిడ్నీ

1

ఈరోజు ఉచ్చ పోశాను.

నలభై దాటిన మనిషిని, ఇలాంటి మాటతో మొదలుపెట్టకూడదేమో. కానీ డాక్టర్ నఫీసా, “ఏం జరిగితే అది నీ మాటల్లోనే రాయి అక్కా. నీ తర్వాత ఇలాంటి కిడ్నీ పెట్టించుకునేవాళ్లు చదువుకుంటారు” అంది. జరిగింది ఇదే. పొద్దున్న గొట్టం తీసేశారు. మా ఆయన గవర్రాజు చెయ్యి పట్టుకుని మరుగుదొడ్డి దాకా నడిపించాడు. తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆ చప్పుడు వినగానే నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ఆరేళ్లయింది ఆ చప్పుడు విని.

చిన్నప్పుడు మా వీధిలో పాత ఫిల్టర్లుండేవి. ఈ ఎర్ర గ్రహం మట్టిలోని ఉప్పులు వాటిని దాటి నీళ్లలోకి వచ్చేవట. ఆ నీళ్లు తాగిన పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక కిడ్నీలు ఎండిపోయాయి. అందులో నేనొకదాన్ని. అప్పటినుంచి రోజు విడిచి రోజు ఉతుకుడు మంచం మీదే నా బతుకు. డయాలసిస్ అని దాని అసలు పేరు. రక్తాన్ని బయటికి తీసి ఉతికి మళ్లీ ఎక్కిస్తారు కాబట్టి మా గొందిపేటలో అందరూ ఉతుకుడు అనే అంటారు.

ఇప్పుడు నా కణాలతోనే తొట్టెలో పెంచిన పిల్ల కిడ్నీ నా పొత్తికడుపులో కుడిపక్కన ఉంది. ఊళ్లో ఇదే మొదటిది.

బయటికి వచ్చేసరికి తెర అవతలి మంచం మీంచి కేక వినిపించింది. సింహాద్రప్పడు మావ. ఆయనా నాలాగే ఉతుకుడు మనిషి. ఊరి తప్పెటగుళ్ల దళానికి పెద్ద.

“వచ్చినాదేటి కోడలా?”

“వచ్చింది మావా!”

అంతే, మంచం పట్టీ మీద రెండు చేతులతో దరువేశాడు. సూదులు ఊడిపోతాయని నర్సు పరిగెత్తుకొచ్చింది.

2

ఇంటికి వచ్చేశాను.

వీధి వీధంతా మా వాకిట్లో ఉంది. మా ఊళ్లో చుక్క నీరు వృథా పోదు. ఎవరి ఇంట్లో ఏ నీళ్లు వాడినా, ఎవరు ఏం పోసినా, వీధి తొట్టిలోకి చేరి, శుభ్రపడి, మళ్లీ కుళాయిల్లోకి వస్తుంది. ఎదురింటి రాములమ్మ పిన్ని నా గడ్డం పట్టుకుని, “ఇన్నాళ్లూ మా నీలు తాగినావు. ఇకమీదట నీ నీలు మేం తాగుతాం” అంది. అందరూ పగలబడి నవ్వారు. ఇంతకంటే గొప్ప ఆశీర్వాదం ఈ లోయలో ఎవరికీ దొరకదు.

నా పని ఇప్పుడు తాగడమే. ఆరేళ్లపాటు గుక్క లెక్కన తాగాను. ఎండాకాలం, వానాకాలం లేని ఊరిలో నా నాలుక మీద మాత్రం ఎప్పుడూ ఎండాకాలమే. ఇప్పుడు గవర్రాజు చెంబు పట్టుకుని నా వెనకే తిరుగుతున్నాడు. నేను వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరటి అద్దాల గదిలోకి వెళ్తే అక్కడికి.

“ఇంకొక్క గుక్క.”

“పొట్ట పగిలిపోతాదయ్యా.”

“పగలదు. కొత్తది కదా, పనిచేయించాలి దాంతోటి.”

టమాటా చారు పెట్టుకున్నాను. టమాటా ముట్టుకోవద్దన్నారు ఇన్నాళ్లూ. దానిలో ఉండే పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోతుందని. ఇప్పుడు కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. చారు గిన్నె ఎత్తి తాగేశాను. అన్నం కలుపుకోవడం కూడా మరిచిపోయాను.

3

పనికి వెళ్తున్నాను. మాది కుట్టు గది. లోయ మీద వేసిన కప్పు దాటి, ఊపిరాడని బయటికి వెళ్లేవాళ్లకు ఒత్తిడి దుస్తులు కుడతాం. చేతులకు అలవాటు పోలేదు. రెండు మోకాలి అతుకులు, ఒక మెడ పట్టీ పూర్తిచేశాను.

సాయంత్రానికి మాడు పోటు మొదలైంది. మిషన్ చప్పుడు వల్ల అనుకున్నాను. ఇంటికి వచ్చాక గవర్రాజు చేతికి పట్టీ కట్టి బీపీ చూశాడు. మళ్లీ చూశాడు. మూడోసారి తన చేతికి కట్టుకుని చూసుకున్నాడు, యంత్రం పాడైందేమోనని. యంత్రం బాగానే ఉంది.

“పైడీ, నిజం చెప్పు. ఊరగాయ తిన్నావా?”

“తినలేదు.”

“నా మీద ఒట్టేసి చెప్పు.”

“నీ మీద, ఆ ఊరగాయ జాడీ మీద కూడా ఒట్టు. ఉప్పు రాయి కూడా ముట్టుకోలేదు.”

అయినా జాడీని ఎక్కడో దాచేశాడు. ఇరవయ్యేళ్ల కాపురంలో నా మాట నమ్మకపోవడం ఇదే మొదటిసారి. కోపం వచ్చింది. కానీ జాడీ దాచి వచ్చి నా పక్కన కూర్చుని, మళ్లీ నా చేతికి పట్టీ కట్టాడు. కోపం పోయింది.

4

బీపీ రోజురోజుకూ ఎక్కుతోంది. ఉచ్చ బాగానే వస్తోంది, కానీ చీలమండలు కొంచెం ఉబ్బాయి. నఫీసా రక్తం తీసుకుని పరీక్షలు చేసింది. ఈ పూట మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

“అక్కా, కిడ్నీ అంటే వడపోసే జల్లెడ ఒక్కటే కాదు. అది కాపలా కూడా కాస్తుంది. తన దగ్గరికి వచ్చే రక్తం తగ్గిందనిపిస్తే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది కేక లాంటిది. ఆ కేక విని ఒంట్లో ఇంకో రెండు హార్మోన్లు లేస్తాయి. ఒకటి రక్తనాళాలను బిగిస్తుంది. ఇంకొకటి ఉప్పును బయటికి పోనివ్వదు, ఉప్పుతో పాటు నీళ్లనీ పట్టి ఉంచుతుంది. అలా బీపీ పెరుగుతుంది.”

“అంటే కరువొచ్చిందని ఊరంతా టముకు వేసినట్టా?” అన్నాడు గవర్రాజు.

“సరిగ్గా అంతే. చిక్కేమిటంటే, అక్క ఒంట్లో కరువు లేదు. నీళ్లు కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. అయినా కిడ్నీ రెనిన్‌ను ధారగా వదులుతోంది.”

“ఎందుకూ?”

నఫీసా నా కళ్లలోకి చూసింది. ఆమె ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల. నా పెళ్లికి పువ్వులు చల్లిన పిల్ల. అబద్ధం చెప్పాలంటే ముందు కళ్లజోడు తుడుచుకుంటుంది. ఇప్పుడు తుడుచుకోలేదు.

“తొట్టెలో పెరిగేటప్పుడే అది తప్పుగా తయారై ఉండొచ్చు. అవసరం లేకపోయినా కేకలేసే కిడ్నీ అయి ఉండొచ్చు. భూమి మీద పెద్ద డాక్టర్లకు రాశాను, జవాబు రావాలి. ఈలోగా ఆ కేక ఎవరికీ వినపడకుండా చేసే మాత్ర ఇస్తాను.”

వస్తుంటే సింహాద్రప్పడు మావ మంచం మీంచి చెయ్యి ఊపాడు. నాది నిలబడితే రెండో కిడ్నీ ఆయనకే. ఆయన తర్వాత ఇంకో ఇద్దరున్నారు. నాది చెడితే తొట్టెలు మూసేస్తామని ఊరి పెద్దలు ముందే చెప్పారు. మావ ఆ సంగతి ఎత్తలేదు. “మాడు పోటు తగ్గినాదేటి?” అని మాత్రం అడిగాడు.

5

మాత్ర మంత్రంలా పనిచేసింది. బీపీ దిగింది. మాడు పోటు పోయింది. హాయిగా నిద్రపట్టింది. గవర్రాజు జాడీని తీసుకొచ్చి మళ్లీ అలమరలో పెట్టాడు.

సాయంత్రం కాసేపు సభా మందిరానికి వెళ్లాం. ఊరి పుట్టినరోజుకు తప్పెటగుళ్ల సాధన జరుగుతోంది. అమ్మమ్మలూ తాతలూ శ్రీకాకుళం ఒడ్డు నుంచి వస్తూ వెంట తెచ్చుకున్న ఆట ఇది. రొమ్ముకు కట్టుకున్న రేకు గుళ్లు రెండు చేతులా వాయిస్తూ ఎగరాలి. అక్కడ ఎంత ఎగిరేవారో కానీ, ఇక్కడ నేల కిందికి లాగే పట్టు తక్కువ కాబట్టి మా వాళ్లు ఎగిరితే గాలిలోనే రెండు దరువులు వేసి దిగుతారు. మావ ఎగరలేడు. కుర్చీలో కూర్చునే కుర్రాళ్ల తప్పులు దిద్దుతున్నాడు. నేను చప్పట్లు కొడుతూ కూర్చున్నాను. అన్నీ సర్దుకున్నాయనుకున్నాను.

6

సర్దుకోలేదు.

ఉచ్చ తగ్గిపోయింది. మొదట నీళ్లు తక్కువ తాగానేమో అనుకుని ఇంకా తాగాను. తాగింది తాగినట్టు కాళ్లలో చేరింది. చెప్పులు పట్టలేదు. ముఖం బరువెక్కింది. ఈ బరువు నాకు తెలుసు. ఆరేళ్లు మోశాను.

ఆసుపత్రిలో మళ్లీ అదే మంచం. తెర అవతల మావ. ఈసారి దరువు లేదు. మెల్లగా అన్నాడు. “నా గురించి బెంగెట్టుకోకు కోడలా. నాకీ మంచం అలవాటే.” గోడవైపు తిరిగి పడుకున్నాను.

నఫీసా వచ్చి రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివింది. “మాత్ర మొదలుపెట్టాకే కదా ఇది?” అని అడిగింది. అవునన్నాను. “ఆపేద్దాం” అంది.

“ఆపితే బీపీ ఎక్కుతాది కదా?”

“ఎక్కుతుంది. నేను ఇక్కడే ఉంటాను. వేరే మందుతో కొంత ఆపుతాను.”

ఉంది. నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మర్నాటికి, మళ్లీ పెట్టిన గొట్టంలోంచి సంచీలోకి ధార మొదలైంది. ముందు సన్నగా, తర్వాత బాగా. నఫీసా ఆ సంచీని వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక మంచం పట్టీ పట్టుకుని నవ్వింది. తినడానికేదో తెచ్చిన గవర్రాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏటైందమ్మా? మంచిదా, చెడ్డదా?”

“అన్నయ్యా, మనం దాన్ని అబద్ధాలకోరు అనుకున్నాం. అది నిజమే చెబుతోంది! దాని దగ్గరికి రక్తం నిజంగానే సరిగా రావడం లేదు. ఒంట్లో కరువు లేదు, దాని గుమ్మంలో ఉంది. వచ్చే కాస్త రక్తంతోనే జల్లెడ పనిచేయాలంటే, జల్లెడ దాటి బయటికి పోయే దారిని బిగించి లోపల ఒత్తిడి నిలబెట్టాలి. నాళాలను బిగించే ఆ హార్మోన్‌తో అది చేసుకుంటున్నది అదే. నేనిచ్చిన మాత్ర ఆ బిగింపును వదులు చేసింది. జల్లెడ ఆగిపోయింది. మాత్ర ఆపగానే మళ్లీ నిలబెట్టుకుంది. పాపం, ఒంటరిగా ఎంత పోరాడుతోందో!”

రంగు మందు ఎక్కించి నాళాన్ని ఫొటో తీసింది. ఆ మందు కొత్త కిడ్నీకి మంచిది కాదని ఇన్నాళ్లూ తీయలేదట. ఇప్పుడు తీయక తప్పలేదు. తెరమీద నేనూ చూశాను. కిడ్నీ చక్కగా, గుండ్రంగా, పెట్టినప్పటికంటే బాగా ఎదిగి ఉంది. ఎదుగుతూ పక్కకు ఒరిగింది. దానికి రక్తం తెచ్చే నాళం మాత్రం పెట్టినంత పొడవే ఉంది. లాగుడుకు ఒకచోట మడత పడింది. తోటలో నీళ్ల పైపు మీద ఎవరో కాలు వేసినట్టు.

“ఆరోగ్యంగా ఉన్నందుకే ఇంత గొడవ” అంది నఫీసా.

7

భూమి నుంచి జవాబు వచ్చింది. ఫొటో తీయకముందు మేం పంపిన వివరాలకు జవాబు అది. ‘కిడ్నీ లోపభూయిష్టం, తీసేయండి’ అని ఉంది. ఊరి పెద్దలకూ అది చేరింది, తొట్టెలు మూయించారు. నఫీసా ఫొటోతో వాళ్ల ముందుకు వెళ్లి వాదించింది. చివరికి వాళ్లు, ‘ఒళ్లు పైడితల్లిది. ఆమె ఎలా అంటే అలా’ అన్నారు.

నఫీసా నాకు ఉన్నదున్నట్టు చెప్పింది. తీసేయడం తేలిక. మళ్లీ ఉతుకుడు మంచం, అంతే. మడత సరిచేయాలంటే నాళాన్ని కోసి, మధ్యలో నా కాలి రక్తనాళం ముక్క అతికించి, మళ్లీ కలపాలి. కలిపేలోగా కిడ్నీకి రక్తం ఉండదు. ఆలస్యమైతే అది చచ్చిపోతుంది. అతుకు తెగితే నేనూ పోవచ్చు.

గవర్రాజు నా ముఖం చూడకుండా అన్నాడు. “తీయించేద్దాం.”

“ఏటి?”

“తీయించేద్దాం పైడీ. ఉతుకుడు మంచం మీదైనా నువ్వుంటే చాలు నాకు. ఆరేళ్లు గడిపినాం కదా, ఇంకో ఆరేళ్లు గడుపుతాం.”

“నువ్వు పక్కన కూర్చున్నావు. నేను మంచం మీద పడుకున్నాను. ఆ రెండూ ఒకటి కాదయ్యా.”

అన్నందుకు బాధపడ్డాను. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆరేళ్లలో అతను నాకు ఒక్క పూట కూడా లోటు చేయలేదు. అయినా దాహం నాది.

“అది ఒంటరిగా కేకలేస్తంది లోపల” అన్నాను. “మనమందరం దాన్ని తిట్టినాం. ఇప్పుడు దాని మాట నిజమని తెలిసింది. తెలిశాక పీకి పారేయమంటావా?”

గవర్రాజు లేచి, దుప్పటి మీంచే నా పొత్తికడుపు మీద చెయ్యి పెట్టాడు. ఎడమ పక్కన పెట్టాడు. నేను చెయ్యి పట్టుకుని కుడి పక్కకు జరిపాను.

“భయమేస్తంది పైడీ.”

“నాకూ వేస్తంది. అయినా చేయించుకుంటాను.”

“సరే,” అన్నాడు. “నఫీసాని నేను పిలుస్తాను. నువ్వు పడుకో.”

8

కొన్ని రోజులు రాయలేదు. చేతిలో సత్తువ లేదు.

అతుకు నిలబడింది. నఫీసా చెప్పింది. నాళం కలిపి బిగింపు వదలగానే కిడ్నీ బూడిదరంగు నుంచి గులాబీరంగులోకి మారిందట. గదిలో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఊపిరి వదిలారట. ఆ తర్వాత రెనిన్ తగ్గుతూ వచ్చింది. ఎవరూ మాత్రతో దాని నోరు మూయలేదు. దానికి కావలసింది దొరికింది, అదే ఊరుకుంది. కాళ్ల వాపు తీసేసింది. బీపీ గవర్రాజుది ఎంతో నాదీ అంతే. ఇప్పుడు అతనిది కాస్త ఎక్కువ కూడా. “ఊరగాయ తిన్నావా?” అని నేనే అడిగాను. నోట్లో ముద్ద పెట్టుకునే, లేదని తల ఊపాడు.

9

ఊరి పుట్టినరోజు చేసుకున్నాం.

ఈ మాటలు రాస్తుంటే ఇంకా అరికాళ్లు జివ్వుమంటున్నాయి. మందిరం కిటికీలోంచి ఇక్కడి నీలిరంగు సూర్యాస్తమయం కనిపిస్తోంది. దళం గుళ్లు కట్టుకుని నిలబడింది. ఆడవాళ్లు తప్పెటగుళ్లు కట్టే ఆనవాయితీ మా అమ్మమ్మల కాలంలో లేదట. ఇక్కడ ఉంది. ఆరేళ్ల కిందట వదిలేసిన నా చోట్లో, చివరి వరసలో, నన్ను నిలబెట్టారు. నఫీసా ఒక్క ఎగురుడుకు మాత్రం ఒప్పుకుంది, అది కూడా చిన్నది.

మావ కుర్చీలోంచి దరువెత్తాడు. రొమ్ము మీద గుళ్లు మోగాయి. నేను ఎగిరాను.

చిన్నదే. కానీ పైన ఉన్న ఆ కాసేపట్లో కింద అందరి తలలూ కనిపించాయి. రాములమ్మ పిన్ని తెల్లజుట్టు, నఫీసా కళ్లజోడు, రెండు చేతులూ చాచి నన్ను పట్టుకోవడానికన్నట్టు పరిగెత్తుకొస్తున్న గవర్రాజు. దిగాను. మోకాళ్లు నిలబడ్డాయి. తల తిరగలేదు, కళ్లు బైర్లు కమ్మలేదు. పడిపోతున్నానేమోనని అతను పట్టుకున్నాడు. పడకపోయినా వదల్లేదు. జనం ఈలలు వేశారు.

10

తొట్టెలు మళ్లీ తెరిచారు. ఈసారి కిడ్నీతో పాటు నాళాన్నీ పొడవుగా, అదనంగా పెంచుతారట. ఒంట్లో అది ఎదిగినా లాగుడు పడకుండా.

ఈరోజు సింహాద్రప్పడు మావకు మొదటి మెట్టు. తొడ దగ్గర చిన్న సూదితో చిటికెడు కణాలు తీస్తారు. వాటినుంచే కిడ్నీ మొలుస్తుంది. తోడు రమ్మంటే వెళ్లాను. వయసులో ఉన్నప్పుడు మందిరం కప్పు తాకిన మనిషి, బల్ల మీద బిగుసుకుపోయి పడుకున్నాడు.

“కోడలా, నువ్వు సేయించుకున్నదానివి. నిజం సెప్పు. నొప్పెడతాదా?”

లేదని చెబుదామనుకున్నాను. కానీ నా ముందు నఫీసా ఎప్పుడూ కళ్లజోడు తుడుచుకోలేదు.

“పెడతాది మావా. గట్టిగా అరిచీ. నేను అరిచినాను.”

“నువ్వరిస్తే నాకెందుకు వినపడలేదు?”

“నువ్వు ఆ గదిలో మంచం మీద దరువేస్తన్నావు.”

“అయితే నువ్వెయ్యి ఇప్పుడు.”

బల్ల అంచు మీద రెండు చేతులతో దరువేశాను. మావ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నఫీసా వంగింది. మావ అరిచిన అరుపుకు నడవా చివరి నర్సు కూడా పరిగెత్తుకొచ్చింది. ఏ కొంప మునిగిందోనని గవర్రాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

నఫీసా చేతిలో తడి దూది మాత్రమే ఉంది.

“మావయ్యా,” అంది, “ఇంకా తుడుస్తున్నాను.”